మూడో ఫ్లైట్‌లోనే చెయ్యిచ్చే కబ్: ఒక కేస్ స్టడీ

ఫిర్యాదు

“దిగేటప్పుడు ఒక్క క్షణం నా మాట వినడం లేదండీ. ఆ తర్వాత ఏమీ జరగనట్టే మామూలుగా ఉంటుంది.”

రేడియో కంట్రోల్‌తో ఎగిరే ‘కబ్’ అనే మోడల్ విమానం యజమాని చెప్పిన ఫిర్యాదు ఇంతే. నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరైన మనిషి. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో మోడళ్లు ఎగరేసిన చెయ్యి. ‘స్టిక్ తప్పుగా కదిపి ఉంటారులే’ అని కొట్టిపారేయడానికి వీల్లేదు. ఆయన చెప్పినవాటిలో రెండు సంగతులు నా చెవిన పడ్డాయి. ఈ గొడవ ప్రతిసారీ ల్యాండింగ్‌కు తిరిగే చోటే వచ్చింది. ఉదయం మొదటి ఫ్లైట్‌లో ఒక్కసారి కూడా రాలేదు. మూడోదాంట్లోనో, ఎక్కువసేపు సాగిన రెండోదాంట్లోనో వచ్చింది. చివరిసారి నేలకు నాలుగైదు మీటర్ల ఎత్తులో జరగడంతో విమానం ముక్కు వాల్చి దిగింది. ల్యాండింగ్ గేర్ వంగింది, ప్రొపెల్లర్ విరిగింది.

నా దగ్గరికి తెచ్చేలోపే ఆయన విమానంలో సంకేతాన్ని అందుకునే రిసీవర్ మార్చారు. అయినా తగ్గకపోతే చేతిలో పట్టుకుని స్టిక్‌లతో నడిపే ట్రాన్స్‌మిటర్‌తో సహా మొత్తం సెట్టు మార్చారు. అప్పటికీ తగ్గకపోయేసరికి అనుమానం మైదానం తూర్పు చివర ఉన్న సెల్ టవర్ మీదికి మళ్లింది. “రేడియో మొత్తం కొత్తదే. ఇక మిగిలింది ఆ టవరే కదా” అన్నారు. వాళ్ల బృందంలో అందరిదీ అదే మాట. ఏ మోడల్ పడినా ముందు రేడియోను తిట్టడం మన మైదానాల్లో పాత అలవాటు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ఉంటుంది చాలాసార్లు. ఈ కేసులో ఆయన ఆడగలిగినవారే, మద్దెలా బాగానే ఉంది. తేడా మరోచోట ఉంది.

విమానం

క్వార్టర్ స్కేల్ పైపర్ జే-3 కబ్. అసలు కబ్ 1938 నుంచి 1947 దాకా అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని లాక్ హేవెన్‌లో వేల సంఖ్యలో తయారైంది. పసుపు రంగు మీద నల్లటి మెరుపు గీత ఉంటే అది కబ్ అని విమానాలు తెలియనివాళ్లు కూడా గుర్తుపడతారు. అసలు దాని రెక్కల పొడవు 10.74 మీటర్లు, గరిష్ఠ బరువు 553 కిలోలు. నాలుగో వంతుకు కుదిస్తే రెక్కల పొడవు 2.69 మీటర్లు అవుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి కాబట్టి బరువు మాత్రం నాలుగో వంతు కాదు, అరవై నాలుగో వంతు కావాలి, అంటే 8.6 కిలోలు. ఈ విమానం పెట్రోలు పోయక ముందు 8.4 కిలోలు తూగింది. స్కేలు బరువుకు ఇంత దగ్గరగా ఉండటం కట్టినవాడి పొదుపును చెబుతుంది. రెక్క పక్కటెముకలు, స్పార్ (రెక్కను మోసే దూలం) జాయింట్లు చూస్తే నాకు వంక పెట్టడానికేమీ దొరకలేదు.

కట్టినవారు ఇద్దరు. ఒకరు కిట్ కొని, రెక్కలు, ఫ్యూజ్‌లాజ్ (విమానం మొండెం) పూర్తిచేసి ఆపేశారు. ఇంకొకరు ఇంజిన్, సర్వోలు (కంట్రోళ్లను కదిపే చిన్న మోటార్లు) బిగించి అమ్మేశారు. మన కబ్ యజమాని మూడో మనిషి. చెక్కపని మొదటివారిది, వైరింగ్ రెండోవారిది. ఈ రెండింటి మధ్య తేడా కవరు తీయగానే కనిపిస్తుంది.

ఇంజిన్ 30 సీసీ టూ స్ట్రోక్ పెట్రోలు రకం. మీద 18 అంగుళాల వ్యాసం, 8 అంగుళాల పిచ్ (ఒక్క చుట్టుకు ముందుకు సాగే దూరం) ఉన్న చెక్క ప్రొపెల్లర్. ఇగ్నిషన్‌కు విడిగా బ్యాటరీ ఉంది. సర్వోలు ఆరు: ఐలెరాన్లకు (విమానాన్ని పక్కకు వంచే రెక్క పలకలు) రెండు, ఎలివేటర్‌కు (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) రెండు, రడ్డర్‌కు (ముక్కును పక్కలకు తిప్పే నిలువు పలక) ఒకటి, త్రాటిల్‌కు (ఇంజిన్ వేగం మార్చేది) ఒకటి. త్రాటిల్‌ది తప్ప మిగిలిన ఐదూ 20 కిలోల టార్క్ తరగతికి చెందిన డిజిటల్ సర్వోలు. ఈ ఆరింటికీ, రిసీవర్‌కీ కలిపి పెన్సిల్ సెల్ సైజు నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ ఐదింటితో కట్టిన ఒక్క బ్యాటరీ ఉంది. మధ్యలో ఒక చిన్న స్లయిడ్ స్విచ్.

పెద్ద మోడళ్లతో పని ఉన్నవాళ్లకు ఆ చివరి రెండు వాక్యాల దగ్గరే అనుమానం వచ్చి ఉంటుంది. నాకూ వచ్చింది. కానీ అనుమానాన్ని ఋజువుగా అప్పగించి పంపిస్తే ఆయన ఇంకో వస్తువు మార్చుకుని మళ్లీ అదే మైదానానికి వెళ్తారు. అందుకే వరసగా వెళ్లాం.

సైజు పెరిగితే మారేది

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ కేసుకు మూలం ఇక్కడే ఉంది. ఒంటి రెక్క మోడల్‌కు రెక్కల పొడవు 80 అంగుళాలు దాటితే అంతర్జాతీయంగా దాన్ని జెయింట్ స్కేల్ అంటారు. ఈ కబ్ 106 అంగుళాలు. ఒక మీటరు రెక్కల నురుగు విమానం మీద నేర్చుకున్నవారు ఇలాంటిదానికి మారినప్పుడు ఇంజిన్ గురించీ, రన్‌వే పొడవు గురించీ ఆలోచిస్తారు. సర్వో మీద పడే బరువు గురించి ఆలోచించేవారు తక్కువ.

ఎలివేటర్‌నో, ఐలెరాన్‌నో గాలి తోసే బలం దాని వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. ఆ బలం హింజ్ దగ్గర చేసే మెలి, అంటే టార్క్, వైశాల్యాన్ని మళ్లీ వెడల్పుతో గుణించినంత. కాబట్టి అదే వేగం దగ్గర మోడల్ పొడవు రెండింతలైతే సర్వో మీద భారం ఎనిమిదింతలవుతుంది. పెద్ద మోడల్ వేగంగా కూడా ఎగురుతుంది. స్కేలు లెక్కన వేగం వర్గమూలం చొప్పున పెరుగుతుంది కనుక దాన్నీ కలిపితే పదహారింతలు. ఆ భారం మోయడానికి పెద్ద సర్వోలు పెడతాం. పెద్ద సర్వో కదలడం మొదలుపెట్టిన క్షణంలో రెండు ఆంపియర్లు లాగడం మామూలు విషయం. నాలుగైదు సర్వోలు ఒకేసారి కదిలితే ఎనిమిది, పది ఆంపియర్లు. నురుగు విమానంలో ఇదంతా కలిపినా అందులో కొద్ది భాగమే. దానికి అలవాటుపడిన చేతులు అవే సన్నటి వైర్లు, అదే బుల్లి స్విచ్ తెచ్చి పెద్దదాంట్లో పెట్టేస్తాయి.

పడితే జరిగే నష్టం కూడా సైజుతోపాటే పెరుగుతుంది. 8.4 కిలోల కబ్ గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నప్పుడు దానిలో ఉండే శక్తి సుమారు 1,170 జౌల్స్. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే క్రికెట్ బంతికి దాదాపు 120. అంటే పది బౌన్సర్లు ఒకేసారి తగిలినట్టు. నిమిషానికి 7,000 చుట్లు తిరిగే 18 అంగుళాల ప్రొపెల్లర్ కొస వేగం గంటకు 600 కిలోమీటర్లు. అందుకే ‘ఒక్క క్షణం మాట వినలేదు’ అన్న ఫిర్యాదును నేను చిన్నదిగా తీసుకోను. కారణం తేలేదాకా విమానం ఎగరదని ముందే చెప్పాను, ఆయన కూడా ఒప్పుకున్నారు.

టవర్

టవర్ మీద అనుమానం తీసిపారేయదగ్గది కాదు. మన దేశంలో 4జీకి వాడే బ్యాండ్లలో ఒకటి 2,300 నుంచి 2,400 మెగాహెర్ట్‌జ్ మధ్య ఉంది. మన రేడియోలు 2,400 దగ్గర మొదలవుతాయి. పక్కపక్క ఇళ్లు. టవర్ యాంటెన్నా ఎదురుగా, దగ్గరగా వెళ్తే రిసీవర్‌కు ఇబ్బంది కలగడం అసాధ్యమేమీ కాదు.

టవర్ పక్కనే మైదానం ఎందుకు అని అడగవచ్చు. హైదరాబాద్ చుట్టుపక్కల పెద్ద మోడళ్లు ఎగరేసేవాళ్లకు ఎంపిక తక్కువ. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్, ఏ దిక్కున చూసినా ఏదో ఒక రన్‌వే ఉంది. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనలు మన మోడళ్లకు కూడా వర్తిస్తాయి. సరదాకో, చదువుకో, ప్రయోగానికో కంటికి కనిపించే దూరంలోనే ఎగరేసే 25 కిలోలలోపు మోడల్‌కు టైప్ సర్టిఫికెట్ (ఆ రకం డిజైన్‌కు ఇచ్చే ప్రభుత్వ ఆమోదం) అక్కర్లేదన్న వెసులుబాటు అందులో ఉంది. ఎక్కడ ఎగరేయాలన్న విషయంలో వెసులుబాటు లేదు. ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు, విమానాశ్రయం హద్దు నుంచి 8–12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల వరకే. ఆ మ్యాపు చూసుకుని ఊరికి దూరంగా వెళ్తే దొరికేది ఏ బీడు భూమో, పంట కోసిన చేనో. దాని గట్టు మీద టవర్ ఉంటే సర్దుకోవాలి.

పరీక్ష తేలికే. కబ్‌లోని రిసీవర్‌నే తీసి ఒక నురుగు విమానంలో పెట్టాం. టెలిమెట్రీలో (విమానం నుంచి ట్రాన్స్‌మిటర్‌కు తిరిగొచ్చే సమాచారం) ఎన్ని ఫ్రేములు, అంటే సంకేతపు ముక్కలు, పోయాయో చూపించే లెక్కను ఆన్ చేశాం. కబ్ దిగే దారిలోనే, అదే ఎత్తులో, టవర్ వైపు పదేపదే తిప్పాం. టవర్ దగ్గర పోయిన ఫ్రేములు కొద్దిగా పెరిగిన మాట నిజం. కానీ సంకేతం పూర్తిగా తెగిన సందర్భం ఒక్కటీ లేదు. మామూలుగా ఏ మైదానంలోనైనా కనిపించే స్థాయి అది.

మరో ఆధారం యజమాని జ్ఞాపకంలోంచే దొరికింది. సిగ్నల్ పోతే త్రాటిల్ పూర్తిగా మూసుకునేలా ఆయన ఫెయిల్‌సేఫ్ పెట్టుకున్నారు. “ఆ క్షణంలో ఇంజిన్ చప్పుడు మారిందా?” అని అడిగాను. మారలేదన్నారు, ఆ మాట గట్టిగానే అన్నారు. సిగ్నల్ తెగితే ఫెయిల్‌సేఫ్‌ను అమలు చేయాల్సింది రిసీవర్. ఆ రిసీవర్‌కే కరెంటు అందక ఊపిరి ఆడకపోతే ఫెయిల్‌సేఫ్ ఎవరు అమలు చేస్తారు? చాలా రిసీవర్లలో ఫెయిల్‌సేఫ్ వెంటనే రాదు, కొంత ఆగి వస్తుంది. కాబట్టి దీనొక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పలేదు. అయినా చూపు రేడియో నుంచి కరెంటు వైపు మళ్లించడానికి ఇది చాలు.

ఇగ్నిషన్

పెట్రోలు ఇంజిన్ ఉన్న ప్రతి మోడల్‌లో దీన్ని విడిగా చూడాల్సిందే. స్పార్క్ ప్లగ్‌కు వెళ్లే వేల వోల్టుల తీగ మంచి రేడియో ట్రాన్స్‌మిటర్ లాంటిదే. దాని మీది లోహపు అల్లిక ఎక్కడైనా తెగినా, ప్లగ్ క్యాప్ సరిగా కూర్చోకపోయినా రిసీవర్ గోల పెడుతుంది. ఈ కబ్‌లో ఇగ్నిషన్ పెట్టె ఫైర్‌వాల్ (ఇంజిన్ బిగించే అడ్డుపలక) ముందుంది, రిసీవర్ రెక్క కింద ఉంది. మధ్యలో 30 సెంటీమీటర్లకు పైగా దూరం ఉంది. త్రాటిల్ రాడ్ ప్లాస్టిక్‌ది, లోహపు రాడ్ గుండా గోల లోపలికి వచ్చే దారి లేదు. తోకను గుంజకు కట్టి, ట్రాన్స్‌మిటర్‌ను సంకేతం బలం తగ్గించే రేంజ్ టెస్ట్ మోడ్‌లో పెట్టి, ముప్ఫై అంగల దూరం నడిచాను. ఇంజిన్ ఆపి, ఐడిల్‌లో, పూర్తి త్రాటిల్‌లో మూడు రకాలుగా చూశాను. తేడా లేదు. ఇగ్నిషన్ నిర్దోషి.

బెంచి మీద

అప్పుడు విమానాన్ని వర్క్‌షాప్‌కు తెచ్చాం. టెలిమెట్రీ తెర మీద రిసీవర్ వోల్టేజి 6.2 అని నింపాదిగా కనిపిస్తోంది. యజమాని చాలాకాలంగా దాన్నే చూసి ధైర్యంగా ఉన్నారు. టెలిమెట్రీ వోల్టేజిని సెకనులో కొద్దిసార్లే కొలుస్తుంది. సర్వోలు కదలడం మొదలుపెట్టిన క్షణంలో వచ్చే పతనం మిల్లీసెకన్లలో వచ్చిపోతుంది, ఆ తెరకు చిక్కదు. దాన్ని పట్టాలంటే వోల్టేజి మార్పులను క్షణక్షణం గీతగా చూపే ఆసిలోస్కోప్ కావాలి. అరచేతిలో పట్టే చవక రకమైనా చాలు.

ప్రోబ్‌ను రిసీవర్ ఖాళీ సాకెట్‌లో పెట్టి, బ్యాటరీ పూర్తిగా చార్జ్ చేసి, రెండు స్టిక్‌లను ఒకేసారి గిరగిరా తిప్పాను. తెర మీద 6.5 దగ్గర ఉన్న గీత కిందికి కుంగి 3.9 దాకా వచ్చి లేచింది. యజమాని కళ్లజోడు సవరించుకుని తెర దగ్గరికి వంగారు. ఆ తర్వాత రెండు ఫ్లైట్లకు సరిపడా చార్జి బ్యాటరీలోంచి లాగేసి మళ్లీ అదే చేశాను. ఈసారి గీత 3.3 తాకింది. సర్వోలన్నీ ఒక్కసారి వదులై, క్షణం ఆగి మళ్లీ బిగుసుకున్నాయి. రిసీవర్ మీద ఎర్ర లైటు మినుకుమినుకుమంది. కరెంటు పోయి వచ్చిందని ఆ రకం రిసీవర్ చెప్పే తీరు అది.

“ఈ లైటు ఇలా మినుకుమనడం మైదానంలో ఒకసారి చూశానండీ. సిగ్నల్ వెతుక్కుంటోందేమో అనుకున్నాను” అన్నారాయన.

చాలా రిసీవర్లు 3.5 వోల్టుల పరిసరాల్లో చేతులెత్తేస్తాయి. ఆకాశంలో గాలి భారం కూడా తోడవుతుంది కాబట్టి పతనం బెంచి మీద కనిపించినదానికంటే ఎక్కువే ఉంటుంది. ల్యాండింగ్‌లోనే ఎందుకన్నదానికి జవాబు కబ్ స్వభావంలో ఉంది. కబ్‌ను ఐలెరాన్‌తో ఒక్కదానితో తిప్పితే ముక్కు ఎదురు దిక్కుకు పోతుంది. ఎత్తిన రెక్క వైపు డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) ఎక్కువ కావడం వల్ల అలా జరుగుతుంది. కాబట్టి ప్రతి మలుపులోనూ రడ్డర్ కలపాలి, నెమ్మదిగా వెళ్లేటప్పుడు ఇంకా ఎక్కువ కలపాలి. ల్యాండింగ్‌కు తిరిగేటప్పుడు పైలట్ ఐలెరాన్, రడ్డర్, ఎలివేటర్, త్రాటిల్ నాలుగింటినీ ఒకేసారి సవరిస్తాడు. ఆరు సర్వోలూ కలిసి కరెంటు అడిగే చోటు అదొక్కటే. టవర్ అటువైపే ఉండటం దాని దురదృష్టం.

వోల్టులు ఎక్కడ పోతున్నాయి

బ్యాటరీ పాతబడిందని తేల్చి అక్కడితో ఆగిపోయేవాళ్లు ఉంటారు. దాన్ని కొత్తది చేస్తే కొన్ని నెలలు బాగానే ఎగురుతుంది కూడా. నష్టం ఏ భాగంలో ఎంతో విడదీసి చూడాలనుకున్నాను. సర్వోల బదులు ఒక ఓమ్ విలువ ఉన్న పెద్ద వైర్‌వౌండ్ రెసిస్టర్‌ను భారంగా పెట్టి మూడు చోట్ల మల్టీమీటర్‌తో కొలిచాను. భారం లేనప్పుడు బ్యాటరీ 6.2 వోల్టులు. భారం పడగానే బ్యాటరీ దగ్గర 5.3, స్విచ్ దాటాక 4.9, రిసీవర్ పిన్నుల దగ్గర 4.7. అప్పుడు పారుతున్న కరెంటు 4.7 ఆంపియర్లు.

అంటే పోయిన ఒకటిన్నర వోల్టులో 0.9 బ్యాటరీ లోపలే పోయింది, 0.4 స్విచ్ తినేసింది, 0.2 వైర్లకూ కనెక్టర్లకూ పోయింది. స్విచ్ విప్పి చూస్తే లోపలి ఇత్తడి రేకు రెండు చోట్ల నల్లబడి, కాంటాక్ట్ ఆనే చోట సూదిమొన అంత గుంట పడి ఉంది. ఇంజిన్ అదురుకు ఆ రేకు ఎప్పుడూ సన్నగా రాపిడి పడుతూనే ఉంటుంది. వేళ్లతో స్విచ్‌ను పక్కకు నొక్కితే మీటరు అంకె మారుతోంది. దీన్ని అంతకుముందు ఎవరూ విప్పి చూడలేదు.

బ్యాటరీని చార్జర్ మీద ఖాళీ చేసి కెపాసిటీ కొలిచాను. పైన 2,000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్, చార్జి కొలత) అని రాసి ఉంది, ఇచ్చింది 1,500.

తోకలో గుయ్యిమనే చప్పుడు

ఇక్కడికి కేసు తేలినట్టే కనిపించింది. నాకు మాత్రం ఒక లెక్క కుదరలేదు. యజమాని ప్రతి ఫ్లైట్ తర్వాత బ్యాటరీలోకి ఎంత చార్జి ఎక్కిందో పుస్తకంలో రాసుకుంటారు. ఇంజినీర్ల మంచి అలవాటు. పది, పన్నెండు నిమిషాల ఫ్లైట్‌కు 400 ఎంఏహెచ్ దాకా ఎక్కుతోంది. ఆరు సర్వోల కబ్‌కు ఇది మరీ ఎక్కువ. స్టిక్‌లు ముట్టుకోకుండా కరెంటు కొలిస్తే 1.1 ఆంపియర్లు ఉంది. ఊరికే నిలబడి ఉన్నప్పుడు 0.2, 0.3 ఉండాలి.

వర్క్‌షాప్‌లో ఫ్యాను ఆపి వింటే తోకలోంచి గుయ్యిమని సన్నటి చప్పుడు వస్తోంది. డిజిటల్ సర్వోలు కొద్దిగా మూలగడం సహజమే, కానీ ఇది ఆగకుండా, ఒత్తిడి మీద ఉన్న మూలుగు. చెయ్యి పెడితే ఎలివేటర్ సర్వోలు రెండూ వెచ్చగా ఉన్నాయి. ఎడమ ఎలివేటర్ అంచును వేలితో మిల్లీమీటరు పైకి నెట్టగానే చప్పుడు ఆగింది, మీటరు అంకె పడిపోయింది. వేలు తీస్తే మళ్లీ మొదలు.

కారణం ఇది. కిట్ డిజైన్ ప్రకారం ఎలివేటర్ రెండు భాగాలనూ ఒక లావు స్టీలు తీగ కలుపుతుంది, రెండింటినీ ఒకే సర్వో తిప్పుతుంది. రెండో కట్టుబడిదారు భద్రత కోసమని ప్రతి భాగానికీ ఒక్కో సర్వో పెట్టారు. మంచి ఆలోచనే. కానీ కలిపే తీగను తీయలేదు. రెండు సర్వోల మధ్యస్థానాలు వెంట్రుకవాసి తేడాలో ఉన్నా, తీగ ఆ తేడాను ఒప్పుకోదు. ఒకటి పైకి లాగుతుంటే రెండోది కిందికి లాగుతుంది, విమానం ఆన్‌లో ఉన్నంతసేపూ ఆ కుస్తీ ఆగదు. సర్వోనూ ఎలివేటర్‌నూ కలిపే ఒక పుష్‌రాడ్ విప్పగానే కరెంటు 1.1 నుంచి 0.3కి పడింది.

మూడో ఫ్లైట్ రహస్యం ఇప్పుడు లెక్కకు వచ్చింది. ఫ్లైట్‌కు 400 చొప్పున మూడో ఫ్లైట్ చివరికి 1,200 ఖర్చు. ఉన్నదే 1,500. అడుగంటిన బ్యాటరీ, గుంటపడిన స్విచ్, ఆరు సర్వోలు ఒకేసారి లాగే మలుపు, ఈ మూడూ ల్యాండింగ్‌లో కలుసుకున్నాయి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా బహుశా ఇంకో ఏడాది నెట్టుకొచ్చేది.

మరమ్మతు

ముందు తోక. కలిపే తీగను కోసి తీసేశాం, రెండు ఎలివేటర్లూ ఇప్పుడు వేరువేరు. సర్వోలను కలిపే ఉంచి ట్రాన్స్‌మిటర్‌లో సరిచేసుకోవచ్చు అనేవారు ఉన్నారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. ఎండకు, వానకు చెక్క కదులుతుంది, ఈరోజు కుదిర్చిన సమం ఆరు నెలల తర్వాత ఉండదు. విడివిడిగా ఉంటే ఒక సర్వో చచ్చినా రెండో సగం చేతిలో ఉంటుంది. కబ్ లాంటి నెమ్మది విమానాన్ని సగం ఎలివేటర్‌తో దించవచ్చు. కాకపోతే రెండు భాగాల కదలిక ఒకేలా ఉండాలి. పై అంచుకూ కింది అంచుకూ మధ్య దూరాన్ని రెండు వైపులా స్కేలుతో కొలిచి, పూర్తి కదలికలో ఒక మిల్లీమీటరుకు మించి తేడా రాకుండా సరిచేశాం.

తర్వాత కరెంటు. నికెల్ బ్యాటరీ, స్విచ్ రెండూ చెత్తబుట్టలోకి వెళ్లాయి. వాటి చోట రెండు సెల్స్ ఉన్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు రెండు పెట్టాం. ఒక్కొక్కటీ 6.6 వోల్టులు, 2,100 ఎంఏహెచ్. ఒక్కోదానికి సొంత స్విచ్, సొంత వైరు, రిసీవర్‌లో సొంత సాకెట్. స్విచ్‌లు ఎలక్ట్రానిక్ రకం, చెడిపోతే ఆన్‌లోనే ఉండిపోతాయి. బ్యాటరీ వైర్లు లావువి వేసి, తోకకు వెళ్లే సర్వో ఎక్స్‌టెన్షన్లను కూడా 22 గేజ్‌కు మార్చాం. సన్నటి 26 గేజ్ వైరుతో పోలిస్తే దీని నిరోధం సుమారు రెండున్నర రెట్లు తక్కువ. తోక సర్వో వైరులో కరెంటు పోయే దూరం, వచ్చే దూరం రెండూ లెక్క కాబట్టి అది తేలిగ్గా మీటరు దాటుతుంది. ఇక్కడ గేజ్ తేడా కంటికి కనిపించేంత పనిచేస్తుంది.

వోల్టేజిని ఒకే స్థాయిలో నిలిపే రెగ్యులేటర్ ఎందుకు పెట్టలేదని యజమాని అడిగారు. 6.6 వోల్టులు ఈ సర్వోల పరిమితిలోనే ఉన్నాయి. మాన్యువల్‌లో చూసి, ఆ తర్వాతే బ్యాటరీలు తెప్పించాం. పనికొచ్చేచోట సరే, అవసరం లేనిచోట రెగ్యులేటర్ చెడిపోవడానికి ఇంకో వస్తువు. 6 వోల్టులకు మించొద్దని రాసి ఉన్న పాత సర్వోలైతే ఇది వర్తించదు.

కొత్త బ్యాటరీలను ముందుకు, ఫైర్‌వాల్‌కు సరిగ్గా వెనకకు తెచ్చి పెట్టాం. కబ్ ముక్కు పొట్టి కాబట్టి దాదాపు ప్రతి కబ్ మోడల్‌కూ ముక్కులో సీసం పోయాల్సి వస్తుంది, ఇందులోనూ ఉంది. క్వార్టర్ స్కేల్‌లో రెక్క వెడల్పు 40 సెంటీమీటర్లు. బరువు నిలిచే చోటు రెక్క ముందంచు నుంచి 11 సెంటీమీటర్ల దగ్గర ఉండాలని పెట్టుకున్నాం. బ్యాటరీలే ముందుకు రావడంతో పాత సీసంలో చాలాభాగం బయటికి వచ్చింది. మొత్తం బరువు పెరగకపోగా కాస్త తగ్గింది.

ల్యాండింగ్ గేర్‌ను మళ్లీ వంచి, తీగ ముడులను కొత్తగా బ్రేజింగ్ చేయించాం. దాని గురించి రాయడానికి పెద్దగా లేదు.

మళ్లీ కొలతలు

ఒక ఓమ్ భారం పరీక్ష మళ్లీ చేశాను. 6.6 నుంచి 6.4కి తగ్గింది, అంతే. ఆసిలోస్కోప్ మీద స్టిక్‌లన్నీ తిప్పినప్పుడు అతి తక్కువ 6.1. ఆ తర్వాత కావాలనే ఒక బ్యాటరీ స్విచ్ ఆపి, ఒక్కదాని మీదే అదే పరీక్ష చేశాం. 5.8 కంటే దిగలేదు. ఊరికే ఉన్నప్పటి కరెంటు 0.25 ఆంపియర్లు. తోకలో మూలుగు పోయింది.

మైదానంలో గుంజకు కట్టి, ఇంజిన్ పూర్తి వేగంలో ఉండగా ఒక నిమిషం పాటు అన్ని కంట్రోళ్లూ కదిపాం. అప్పుడు గాలిలోకి పంపాం. మొదటి ఫ్లైట్ ఎత్తులోనే గడిపి, మలుపుల్లో కావాలని కంట్రోళ్లన్నీ కలిపి కొట్టాం. ఒకసారి ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి, ఎత్తులోనే స్టాల్ వేగం (రెక్కకు ఎత్తే బలం చాలక విమానం వాలిపోయే వేగం) చూశాం. అసలు కబ్ స్టాల్ వేగం గంటకు 61 కిలోమీటర్లు, స్కేలు లెక్కన దీనికి 30 రావాలి. చిన్న రెక్కకు గాలి అంత బాగా అంటదు కాబట్టి ఇది దానికంటే కాస్త ఎక్కువ వేగం దగ్గరే వాలుతుంది. ల్యాండింగ్‌కు తిరిగేటప్పుడు ఎంత వేగం చేతిలో ఉంచుకోవాలో తెలియడానికి ఈ పరీక్ష అవసరం. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. వేసవి మధ్యాహ్నాల్లో గాలి సాంద్రత ప్రామాణిక విలువ కంటే పదమూడు, పద్నాలుగు శాతం దాకా తగ్గుతుంది. ఇంజిన్ బలం, రెక్క బలం రెండూ ఆ మేరకు నీరసిస్తాయి. విదేశీ కిట్ పుస్తకంలో రాసిన టేకాఫ్ దూరాన్ని మే నెలలో ఇక్కడ నమ్ముకోకూడదు.

అదే ఉదయం మూడు ఫ్లైట్లూ పూర్తయ్యాయి. మూడోదాంట్లో యజమాని తూర్పు చివరనుంచే, టవర్ ముందునుంచే మలుపు తిప్పి దించారు. ఫ్లైట్‌కు ఎక్కిన చార్జి, రెండు బ్యాటరీలూ కలిపి, 150 ఎంఏహెచ్. ఆ తర్వాత వారాల పుస్తకం కూడా అదే చెబుతోంది. ఇప్పుడు ఒక బ్యాటరీలోకి ఎక్కేదానికీ రెండోదాంట్లోకి ఎక్కేదానికీ తేడా పెరిగితే ఏదో ఒక స్విచ్, కనెక్టర్ బిగువు తప్పుతోందని ముందే తెలుస్తుంది. అందుకే రెండు అంకెలూ విడిగా రాయమన్నాను. ఒక వరుసకు రెండు గడులు గీసి మొదలుపెట్టారు.

తేలనిది ఒకటి ఉంది. రడ్డర్‌కు ఈ కబ్‌లో రాడ్ లేదు, రెండు వైపులా లాగే స్టీలు కేబుళ్లు ఉన్నాయి, అసలు కబ్‌లో ఉన్నట్టే. చలికాలం ఉదయం సరిగ్గా బిగించిన కేబుళ్లు ఎండ ఎక్కేసరికి మరింత బిగుసుకున్నట్టు కనిపిస్తున్నాయి. ఆ బిగువు రడ్డర్ సర్వో బేరింగ్ మీదే పడుతుంది. ఊరికే ఉన్నప్పటి కరెంటు ఉదయం కంటే మధ్యాహ్నం కొద్దిగా ఎక్కువ చూపుతోంది. ప్రస్తుతానికి కేబుళ్లను అర మిల్లీమీటరు వదులు చేసి, సర్వో హార్న్ (సర్వో మీది చిన్న చెయ్యి) కింద బాల్ బేరింగ్ ఉన్న విడి ఆధారం బిగించడానికి ప్లైవుడ్ ముక్క కోసి పెట్టాం. వచ్చే నెల ఎండలో ఆ కరెంటు మళ్లీ కొలుస్తాం.